స్టీమ్ రూమ్ మెషిన్ పక్కన ఒక పుస్తకం వేలాడదీయండి

జిమ్ యజమానులకు, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యవర్గాలకు, ఆవిరి స్నానానికి వచ్చే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి.

హైదరాబాద్‌లో ఇప్పుడు క్లబ్‌హౌస్ కడితే స్విమ్మింగ్ పూల్ పక్కన స్టీమ్ రూమ్ ఉండాల్సిందే. గదిలో టైల్స్ రోజూ తుడుస్తారు. గోడ వెనక ఆవిరి పుట్టించే మెషిన్ దగ్గరికి మాత్రం అది ఆగిపోయిన రోజే మనిషి వెళ్తాడు. ఈ పద్ధతి మారాలి.

దాన్ని తనిఖీ చేయడానికి ప్రభుత్వం నుంచి ఎవరో వస్తారని అనుకోకండి. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. రెండింటిలోనూ 25 లీటర్ల కంటే తక్కువ పట్టేవి, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి కూడా లేనివి బాయిలర్ల లెక్కలోకి రావు. క్లబ్బుల్లోని మెషిన్లు చాలావరకు ఈ కోవలోవే. అందుకే బాధ్యత పూర్తిగా వాటిని నడిపేవాళ్లదే.

రోగం ఎక్కువగా నీళ్లతోనే మొదలవుతుంది. 9 కిలోవాట్ల మెషిన్ ఆగకుండా నడిస్తే గంటకు 12 లీటర్ల పైచిలుకు నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి గదిలోకి పోతుంది, నీళ్లలోని ఉప్పు ట్యాంకులో ఉండిపోతుంది. తాగునీటికి వేరే దిక్కు లేనప్పుడు కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని భారతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. మన బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఆ స్థాయిలో ఉంటే, రోజుకు నాలుగు గంటలు నడిచే మెషిన్‌లో నెలకు 850 గ్రాములకు పైగా మిగులుతుంది. అందులో చాలా భాగం తెల్లటి పెంకులా హీటర్ కాయిల్‌కు పట్టేస్తుంది. వేడి నీళ్లకు అందక కాయిల్‌లోనే నిలిచిపోతుంది, చివరికి కాయిల్ పగిలిపోతుంది. ఆవిరి రావడం రోజురోజుకీ ఆలస్యమవుతోందంటే లోపల జరుగుతున్నది చాలాసార్లు ఇదే. కరెంటు బిల్లు చూసినా తెలుస్తుంది.

అంతకంటే ప్రమాదమైనది ప్రోబ్ మీద పట్టే ఉప్పు. ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చెప్పే సన్నటి స్టీలు కడ్డీ అది. నీళ్లు తగిలితే కరెంటు పారుతుంది, దాన్నిబట్టి మెషిన్ నీళ్లు నిండాయని గుర్తిస్తుంది. కడ్డీకి పొర కడితే నీళ్లు ఉన్నా లేవనుకుంటుంది. వాల్వ్ మూసుకోదు, ట్యాంకు పొంగి మరిగే నీళ్లు ఆవిరి పైపులోంచి గదిలోకి చిమ్ముతాయి. గదిలో 45 డిగ్రీలే ఉండొచ్చు, ఆ పైపు మూతి దగ్గర మాత్రం వంద. బెంచీ మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషికి ఆ మూతి ఎంత దూరంలో ఉందో ఒకసారి మీ గదిలో చూసుకోండి. ఉప్పు భయంతో నేరుగా ఆర్‌ఓ నీళ్లు పెట్టినా ఇదే గొడవ. వాటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి ప్రోబ్ వాటిని గుర్తించలేదు. సాఫ్ట్‌నర్ పెట్టించడమే మేలు. పెట్టించాక కూడా ట్యాంకు ఖాళీ చేయడం మానకూడదు, మిగతా లవణాలు చిక్కబడి నురగ వస్తుంది.

ఇక మేము గట్టిగా చెప్పదలచుకున్నది ‘డైరెక్ట్ చేసేయడం’ గురించి. మెషిన్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటుంది. సాయంత్రం సభ్యులు వచ్చే వేళ అవుతుంది, మేనేజర్ కంగారు పడతాడు, వచ్చిన ఎలక్ట్రీషియన్ థర్మోస్టాట్ రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేస్తాడు. మెషిన్ నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ క్షణం నుంచి, నీళ్లు ఎండిపోతే కాయిల్‌ను ఆపాల్సిన ఆఖరి రక్షణ లేనట్టే. లీకేజీకి ట్రిప్ అవుతుందని ఆర్‌సీసీబీ తీసి మామూలు ఎంసీబీ పెట్టడం ఇంకా ఘోరం. పగిలిన కాయిల్ నుంచి కరెంటు నీళ్లలోకి వస్తుంటే పట్టుకునేది ఆ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే. లోపల ఉన్నవాళ్ల ఒళ్లంతా తడి, కాళ్ల కింద తడి నేల. ట్రిప్ అయిన మెషిన్ మనకు మేలు చేసినట్టే. కారణం దొరికేదాకా గదికి తాళం వేయండి. సభ్యులు రెండు రోజులు గొణిగితే గొణగనివ్వండి.

ట్యాంకులో నీలగిరి తైలం పోయకండి, నురగ వచ్చి ప్రోబ్ మోసపోతుంది. ఉప్పు వదిలించడానికి బాత్రూమ్ యాసిడ్ అసలే వద్దు. స్టీలు ట్యాంకుకు చిల్లులు పడతాయి, మిగిలిన పొగ మర్నాడు ఎవరి ఊపిరితిత్తుల్లోకో పోతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీళ్లలో కలిపి, మెయిన్ ఆపి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఉంచి, రెండు మూడుసార్లు కడిగేయాలి. కడిగాక మొదటిసారి మెషిన్ నడిపేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదు.

మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. మెషిన్ పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. రాత్రి మూసేశాక నీళ్లు కాస్త చల్లారనిచ్చి డ్రెయిన్ వాల్వ్ తిప్పి ట్యాంకు ఖాళీ చేసినవాళ్లు అందులో సంతకం పెట్టాలి. ఆటోమేటిక్ డ్రెయిన్ ఉన్నా సరే, నీళ్లు నిజంగా పోయాయో లేదో కంటితో చూసి పెట్టాలి. నెలకోసారి ప్రోబ్ విప్పి తుడవడం, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కడం, నీళ్లు వచ్చే దారిలోని జాలీ కడగడం కూడా అందులోనే రాయాలి. సేఫ్టీ వాల్వ్ పైపు నేల వైపే తిరిగి ఉందా, దానికి ఎవరైనా బిరడా కొట్టారా అని మెకానిక్ వచ్చిన ప్రతిసారీ చూసి రాయాలి. ఆవిరి పైపుకు మధ్యలో ఎక్కడా వాల్వ్ ఉండకూడదు, ఉంటే వెంటనే తీయించండి.

ఏఎంసీ ఒప్పందాల్లో ‘స్టీమ్ జనరేటర్ సర్వీసు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఈసారి రెన్యూవల్‌కు పై పనులన్నీ పేరుపేరునా రాయించండి, ఏ రక్షణ పరికరాన్నీ డైరెక్ట్ చేయకూడదని విడిగా మరో వాక్యం చేర్పించండి. సభ్యులారా, తదుపరి జనరల్ బాడీ మీటింగ్‌లో ఆ పుస్తకం చూపించమని అడగండి. లేదంటే ఆ రోజే తీర్మానం పెట్టండి.