ఒకసారి పని పడేసింది, మళ్లీ మళ్లీ వాడ పడేస్తోంది



ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఏ దళితవాడకన్నా పోయి అడగండి. నడుము పడిపోయి మంచాన ఉన్నవాళ్ల పేరు ఒకటన్నా చెప్తారు. ఎట్లయిందంటే జవాబులు మూడే. గని అంచు జారినాడు, బండ మీద పడింది, లారీ మీంచి పడినాడు. ఆ తర్వాత "వాని కర్మ" అని ఒక నిట్టూర్పు. మేము ఈ మాట ఒప్పుకోము. కర్మే అయితే ఊర్లో అన్ని వీధులకూ సమానంగా పంచి ఉండాల గదా? నాపరాయి గనిలో బండ లేపేది ఎవరు? గని లీజు కాగితం మీద పేరు ఎవరిది? చింతచెట్టెక్కి కాయ దులిపేది, పాడుబాయిలో దిగి పూడిక తీసేది, మిద్దె సెంట్రింగ్ కొట్టేది, కాంట్రాక్టు కింద కరెంటు స్తంభం ఎక్కేది ఎవరు? ఎత్తుకు ఎక్కే పని, లోతుకు దిగే పని ఏ కులాలకు పంచినారో, విరిగిన వెన్నెముకలు కూడా ఆ కులాలకే పంచినారు.

పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లం గనక ఒక లెక్క చెప్తాము. అంగుళం మందం నాపబండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైన తూగుతుంది. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బండ అంటే 37 కిలోలు. అట్లాంటివి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎత్తి లారీకి పేర్చే మనిషికి కాలు కింద ఉండేది రాతి పొడి, పైన ఉండేది ఎండ. ఒక్క క్షణం తూలితే చాలు. మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగిన పలు అధ్యయనాల్లో వెన్నుపాము దెబ్బలకు మొదటి కారణంగా తేలింది ఎత్తు మీంచి పడటమే. ధనిక దేశాల్లో ఎక్కువగా కార్లు, మోటారు సైకిళ్ల ప్రమాదాలు కారణమైతే, మన దగ్గర చెట్టు, స్తంభం, మిద్దె, బాయి, గని.

పడిన తర్వాత మొదటి గంట సంగతి ముందు చెప్పాల. ఎందుకంటే అది మన చేతిలో ఉండాది. మనిషి పడినాడని తెలియగానే నలుగురు ఉరికొచ్చి చేతులొకరు, కాళ్లొకరు పట్టి లేపి ఆటోలో మడిచి కూర్చోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఎముక విరిగినా లోపలి వెన్నుపాము ఇంకా పూర్తిగా తెగని మనిషికి, ఆ మడతలో తెగిపోవచ్చు. కాళ్లు తిమ్మిరి అన్నా, కదలటం లేదన్నా, మెడ లేక నడుము నొప్పి అన్నా లేపొద్దు, కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకోండి. ఇక తీసుకుపోక తప్పదంటే తలుపు చెక్క తెచ్చి, నలుగురూ ఒక్క మాట మీద, దుంగను దొర్లించినట్టు మనిషినంతా ఒక్కటిగా పక్కకు తిప్పి, చెక్క కింద పెట్టి, దాని మీదే మోయండి. ప్రతి గనిలో ఒక చెక్క, రెండు పట్టీలు పెట్టమని యజమానిని అడగండి. దానికయ్యే ఖర్చు ఒక లోడు బండలకు వచ్చే లాభంలో ఎంత?

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లలో కొందరికి వెన్నుపాము పూర్తిగా తెగదు. కట్టె పట్టుకొనో, గోడ పట్టుకొనో మళ్లీ నాలుగడుగులు వేస్తారు. ఇల్లంతా సంతోషిస్తుంది. అయితే వీళ్లే మళ్లీ మళ్లీ పడతారు. 2019లో కెనడాలోని టొరంటో పరిశోధకులు చాలా అధ్యయనాలను కలిపి లెక్క తీసినారు. వెన్నుపాము దెబ్బ తిని నడవగలుగుతున్నవాళ్లలో నూటికి 78 మంది ఏడాదిలో ఒక్కసారన్నా పడుతున్నారు. చక్రాల కుర్చీ వాడేవాళ్లలో నూటికి 69 మంది పడుతున్నారు. నడక వచ్చింది గదా, ఇంక భయం లేదనుకోవడం తప్పని ఈ లెక్క చెప్తోంది.

ఎందుకు పడతారు? మనిషి నిలబడేది మూడింటి ఆధారంతో. కన్ను చూస్తుంది. చెవి లోపల ఉండే చిన్న తూనిక తల ఎటు వాలిందో చెప్తుంది. పాదం, మడమ, మోకాలు నేల ఎట్లుందో కబురు పంపుతాయి. ఆ కబురు పోయే దారే వెన్నుపాము. ఆ దారి చెడితే పాదం కింద రాయి ఉందో గుంత ఉందో మెదడుకు ఆలస్యంగా తెలుస్తుంది, లేదా అసలే తెలియదు. అప్పుడు మనిషి కంటి మీదే ఆధారపడతాడు. కంటితో నేల చూసుకుంటా నడుస్తాడు. పొద్దు గూకితే ఆ ఆధారమూ పోతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఊర్లో దీపాలు ఏ వీధి దాకా వెలుగుతాయి? స్తంభం ఉన్నా బల్బు మాడితే నెలల తరబడి మార్చనిది ఎవరి వీధిలో? తెల్లవారకముందే చెంబు పట్టుకొని కంపచెట్లలోకి పోవాల్సి వచ్చేది ఎవరికి? వెన్నుపాము దెబ్బ తిన్న మనిషికి వీధి దీపం కూడా వైద్యమే. ఇంటి పక్కన మరుగుదొడ్డి కూడా వైద్యమే. ఈ మందు చీటీని ఏ డాక్టరూ రాయడు. మనమే రాసి పంచాయతీ ముందు పెట్టాల.

ఆసుపత్రిలో తూనిక చూడటానికి బెర్గ్ పరీక్ష అని ఒకటి ఉండాది. కుర్చీలోంచి లేవమంటారు, కళ్లు మూసుకొని నిలబడమంటారు, కింద వస్తువు తీయమంటారు, గుండ్రంగా తిరగమంటారు. అట్లా 14 పనులు, మొత్తం 56 మార్కులు. మొదట ముసలివాళ్ల కోసం తయారైన పరీక్ష ఇది. 2010లో స్విట్జర్లాండు పరిశోధకులు వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ల మీద దీన్ని పెట్టి చూస్తే, ఎవరు పడతారో ఎవరు పడరో ఈ మార్కులు విడదీసి చెప్పలేకపోయినాయి. మాకు ఇందులో ఆశ్చర్యం లేదు. నున్నటి గచ్చు మీద పెట్టిన పరీక్ష కాలువ దాటే బండను, వాన నీళ్లు నిలిచిన గుంతను, తలుపు ముందరి అడుగున్నర మెట్టును ఎట్లా కొలుస్తుంది? పింఛన్ తనిఖీల్లో కూడా ఇదే జరుగుతోంది. 2025లో రాష్ట్రంలో వికలాంగుల సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించినారు. ఆఫీసు గచ్చు మీద నాలుగడుగులు వేసిన మనిషి గేరి రాళ్లలో నడవగలడని ఏ లెక్కన అనుకోవాల? మనిషిని చూసి కాగితం రాసేవాళ్లు ఒకసారి అతని వాడకు వచ్చి చూడాల.

పరిశోధనలో మంచి సంగతి కూడా ఉండాది. తూనిక మళ్లీ నేర్వొచ్చు. టొరంటోలో నడుముకు పట్టీ కట్టి పైనుంచి వేలాడదీసి, కావాలనే మనిషిని తోస్తారు. పడబోయేటప్పుడు చటుక్కున కాలు వేసే వాటాన్ని అట్లా నేర్పిస్తారు. అంత యంత్రం మనకు లేకపోయినా, చదునైన చోట రెండు వెదురు గడలు కట్టి వాటి మధ్య రోజూ నిలబడటం, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే ఇంట్లోనే చేయొచ్చు. పక్కన మనిషి లేకుండా మాత్రం చేయొద్దు. ఇంకో మాట. మన చేతులతో పాలిష్ పట్టిన నాపబండ తడిస్తే వెన్నపూస లెక్క జారుతుంది. స్నానం చేసే చోట, మరుగుదొడ్డిలో పాలిష్ లేని గరుకు ముఖం పైకి వచ్చేట్టు పరవండి. గోడకు ఒక ఇనుప పైపు బిగించండి.

అసలు లేవలేనివాళ్ల సంగతి ఇంకా కఠినం. బంగ్లాదేశ్‌లో ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీతో ఇంటికి పోయినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు రెండేళ్ల లోపలే చనిపోతున్నారని అక్కడి పరిశోధకులు తేల్చినారు. చంపింది వెన్నుపాము కాదు, ఎక్కువగా పడక పుండ్లు, వాటి చీము రక్తంలోకి ఎక్కడం. మంచంలో రెండు గంటలకోసారి ఒరిగించి పడుకోబెట్టాల. ఆ పని చేసేది ఎవరు? భార్య, తల్లి, బడి మానిన ఆడబిడ్డ. మగవాని కూలి పోయిన ఇంట్లో ఆమె కూలి కూడా పోతుంది. ఆమె చాకిరీ ఏ నష్టపరిహారం లెక్కలోకీ రాదు. మన సంఘాలన్నా దాన్ని లెక్కలో పెట్టాల.

నడుము పడిపోతే బతుకు అయిపోయిందనేవాళ్లకు రాయవేలూరు మాట చెప్పండి. మేరీ వర్గీస్ అనే యువ డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బ తగిలి కాళ్లు పడిపోయినాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆమె పూనికతోనే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కింద 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. అంతకు ముందే 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో, హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదు డాక్టరు గుట్‌మన్, వీళ్లు చావాల్సినవాళ్లు కాదని చేసి చూపించినాడు. ఆయన మొదలుపెట్టిన ఆటలే పెరిగి పారాలింపిక్స్ అయినాయి. దారి ఉండాది. ఆ దారి మన వాడ దాకా రాలేదు, అంతే.

ఇక డబ్బు మాట. ప్రమాదం జరగ్గానే పెద్దమనుషులు వచ్చి, ఇంత చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర అడగడం మనం చూస్తానే ఉన్నాము. వేయొద్దు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టమైంది. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రత కోడ్‌లో ఆ నియమాలు కలిసినాయి. పని శాశ్వతంగా, పూర్తిగా పోయినవాళ్లకు నెల జీతంలో నూటికి 60 వంతులు తీసి, వయసు ప్రకారం ఉండే అంకెతో హెచ్చిస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. నెలకు 10 వేలు సంపాదించేవాడయితే 12 లక్షల 47 వేల పైచిలుకు వస్తుంది. కాంట్రాక్టరు మనిషివి అని అసలు యజమాని తప్పించుకోలేడు. తాగినాడు, హెల్మెట్ పెట్టుకోలేదు అనే సాకు ఇట్లాంటి పూర్తి వైకల్యానికి చెల్లదు. ఈఎస్ఐ ఉన్న ఫ్యాక్టరీ అయితే దారి వేరు, అక్కడ నెలనెలా వస్తుంది. ఏదైనా, ఆసుపత్రి చీటీలో "పని చేస్తూ పడినాడు" అని, ఏ చోట పడినాడో, రాయించండి. "ఇంటి దగ్గర పడినాడు" అని రాస్తే అక్కడికే కథ అయిపోతుంది.

2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛన్ 6 వేలు, మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన పక్షవాతం వాళ్లకు 15 వేలు అయింది. ఇది భిక్ష కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంటి స్థలాల్లో, పేదరిక నిర్మూలన పథకాల్లో నూటికి 5 వంతులు ఇవ్వమంటోంది. ఎస్సీ సబ్‌ప్లాన్‌కు 2013లో చట్టం సాధించుకున్నాము. ఆ డబ్బు మన వాడ దీపానికి, చదును దారికి, వాలు మెట్టుకు ఎందుకు రాదు?

బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో, 1943 డిసెంబరులో, ధన్‌బాద్ బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూసినాడు. మన అధికారులు గని అంచు దాకానన్నా రావాల.

ప్రతి సంఘం ఈ నెలలో తన వాడలో నడుము దెబ్బ తిన్నవాళ్ల జాబితా రాయండి. యాడ పడినారు, ఎవరి పనిలో పడినారు, ఇంటికొచ్చినాక ఎన్నిసార్లు పడినారు, ఏ చోట పడినారు, పగలా రాత్రా అని రాయండి. రాయడం రానివాళ్లకు మన బడి పిల్లలు రాసిపెడతారు. ఆ జాబితా పట్టుకొని మండలాఫీసుకు పోదాము. వారానికోసారి ఫిజియోథెరపిస్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలని, ప్రతి గనిలో చెక్క ఉండాలని, వాడలో దీపం వెలగాలని అడుగుదాము. పడినవాళ్లను చక్రాల కుర్చీల్లో ముందు వరసలో తీసుకుపోదాము. ఆఫీసు మెట్లెక్కించడం కుదరకపోతే, అధికారే మెట్లు దిగొస్తాడు.

జై భీమ్!