‘మళ్లీ ప్రయత్నించండి’ అంటే సరిపోదు

స్కాట్లాండ్‌లోని డాల్మెల్లింగ్టన్‌లో 2015 అక్టోబరులో ఒక పోస్టాఫీసు ఉద్యోగిని 8,000 పౌండ్ల నగదును లెక్కలోకి ఎక్కిస్తోంది. బార్‌కోడ్ స్కాన్ చేసి ఎంటర్ నొక్కింది. తెర కదల్లేదు. అందిందన్న మాట లేదు, అందలేదన్న మాటా లేదు. మళ్లీ నొక్కింది. ఇంకోసారి, మరోసారి. హొరైజన్ అనే ఆ కంప్యూటర్ వ్యవస్థ నాలుగుసార్లు నొక్కినందుకు నాలుగు జమలు రాసుకుంది. పెట్టెలో ఉన్నది 8,000, లెక్కలో చేరింది 32,000. తేడా 24,000 పౌండ్లు. శాఖ లెక్కలో తేడా వస్తే పోస్ట్‌మాస్టరే కట్టుకోవాలని బ్రిటన్ పోస్టాఫీసు సంస్థ ఏళ్ల తరబడి పట్టుబట్టింది.

అక్కడ యంత్రం మౌనంగా ఉండిపోయింది, మనిషి రీట్రై చేసింది. ఇవాళ మన సాఫ్ట్‌వేర్ రంగం ఇదే పద్ధతిని గొప్ప ఇంజినీరింగ్‌గా నేర్పుతోంది.

నాలుగైదు వ్యవస్థలను కలిపి ఒక వ్యాపార ప్రక్రియను నడిపించే ప్రాజెక్టుల్లో తరచూ ఒక మాట వినిపిస్తుంది: ‘ప్రాసెస్ ఆగకూడదు.’ ఆర్డరు ఒక చోట పుడుతుంది, సరుకు లెక్క మరో చోట ఉంటుంది, డబ్బు ఇంకో దారిలో కదులుతుంది, ఇన్వాయిస్ వేరే వ్యవస్థ ఇస్తుంది. ఈ గొలుసులో ఏది తడబడినా మూడుసార్లు రీట్రై చెయ్యాలట. అప్పటికీ కుదరకపోతే ఎర్రర్‌ను పట్టుకుని లాగ్‌లో వేసి ముందుకు వెళ్లాలట. కస్టమర్‌కు మాత్రం ‘సాంకేతిక లోపం, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి’ అని చూపించాలట. వైఫల్యాల సంగతి గో-లైవ్ అయ్యాక చూసుకోవచ్చట.

ఈ వాదన తప్పు, ప్రమాదకరం కూడా. అవతలి వ్యవస్థ పంపిన ఎర్రర్ ఒక జవాబు. ‘సరే’ అన్న జవాబుకు ఎంత విలువ ఉందో ‘కుదరదు, కారణం ఇది’ అన్న జవాబుకూ అంతే విలువ ఉంది. దాన్ని మధ్యలో మింగేస్తే సమస్య మాయం కాదు. గొలుసు చివర కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా మీదో, డబ్బు పోయిందో ఉందో తెలియక ఫోను పట్టుకుని నిలబడ్డ కొనుగోలుదారు మీదో ఆ భారం పడుతుంది.

ఈ రంగానికి పునాది వేసినవాళ్లకు ఆ విషయం బాగా తెలుసు. వ్యవస్థలు సందేశాలు పంపుకునే పద్ధతిగా 2000లో వచ్చిన సోప్ 1.1 లోనే వైఫల్యాన్ని తెలిపే ‘ఫాల్ట్’కు ప్రత్యేక స్థానం ఉంది. పొరపాటు అడిగినవారి సందేశంలో ఉందా, జవాబివ్వాల్సిన సర్వర్‌లో ఉందా అన్నది కోడ్‌లోనే తెలియాలి. సేవ ఒప్పందాన్ని రాసే డబ్ల్యూఎస్‌డీఎల్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల సరసనే ఫాల్ట్‌నూ ప్రకటించే వీలుంది. వ్యాపార ప్రక్రియల కోసమే రూపొంది 2007 ఏప్రిల్‌లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా వెలువడిన డబ్ల్యూఎస్-బీపెల్ 2.0 మరో అడుగు ముందుకు వేసింది. జరుగుతున్న పని చెడితే చూసుకోవడానికి ఫాల్ట్ హ్యాండ్లర్‌ను, అప్పటికే పూర్తయిన పనిని సరిదిద్దడానికి కాంపెన్సేషన్ హ్యాండ్లర్‌ను విడివిడిగా ఇచ్చింది. పనిముట్లకు కొరత లేదు. అన్ని ఫాల్ట్‌లనూ ఒకే ‘క్యాచ్ ఆల్’లో పోసి మూత పెట్టే అలవాటే వాటిని పనికిరాకుండా చేసింది.

రీట్రైనే తీసుకుందాం. ఏ ఫాల్ట్ ఎలాంటిదో తెలుసుకోకుండా రీట్రై చేయడమంటే జబ్బేదో చూడకుండా అందరికీ ఒకే మాత్ర ఇవ్వడం. మన యూపీఐలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఖాతాలో డబ్బు చాలకపోయినా, పిన్ తప్పుగా కొట్టినా, పరిమితి దాటినా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని బిజినెస్ డిక్లైన్‌గా లెక్కిస్తుంది. బ్యాంకు సర్వర్ అందకపోతే, నెట్‌వర్క్ తెగిపోతే అది టెక్నికల్ డిక్లైన్. ప్రధాన బ్యాంకులకు ఈ రెండు శాతాలనూ నెలనెలా విడిగా ప్రకటిస్తుంది. రెండో రకానికి కాసేపు ఆగి మళ్లీ అడగడంలో అర్థముంది. మొదటి రకానికి ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తుంది. తప్పు పిన్‌నే పదేపదే పంపితే చివరికి ఆ సదుపాయమే కొంతసేపు నిలిచిపోతుంది.

మూడో రకం ఇంకా కష్టమైనది. చెల్లించేవారి ఖాతాలో డబ్బు తగ్గింది, అందుకోవాల్సిన బ్యాంకు నుంచి జవాబు రాలేదు. టైమ్‌అవుట్ అంటే విఫలమైందని అర్థం కాదు. ఏం జరిగిందో ఇంకా తెలియదని అర్థం. ఆ ‘తెలియదు’ను వైఫల్యంగా అనువదించి రీట్రై చేసిన వర్క్‌ఫ్లో డబ్బును రెండుసార్లు కదిలించవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ఈ స్థితిని గుర్తించింది. యూపీఐలో ఒకరి ఖాతాలో తగ్గి మరొకరి ఖాతాలో చేరని సొమ్మును మరుసటి రోజులోగా దానంతటదే వెనక్కి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కస్టమర్‌కు చెల్లించాలి. ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు. ఫాల్ట్‌కు గడువు, బాధ్యుడు, పరిహారం మూడూ ముందే నిర్ణయించిన నియమమిది. కార్పొరేట్ వర్క్‌ఫ్లోలకూ ఈ మాత్రం క్రమశిక్షణ ఉండాలి.

‘లాగ్‌లో ఉంది కదా’ అన్నది తరచూ వినే మరో సమాధానం. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజ్ సంస్థకు ఏం జరిగిందో చూస్తే ఆ సమాధానం నిలవదు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కింది. ఎనిమిదో దానిలో ఎప్పుడో వాడకం ఆపేసిన పాత ప్రోగ్రామ్ ఉండిపోయింది. ఉదయం 8:01 నుంచి 9:30కి మార్కెట్ తెరుచుకునే లోపు వ్యవస్థ తనంతట తానే 97 ఈమెయిళ్లు సిబ్బందికి పంపింది. ఆ పాత ప్రోగ్రామ్ పేరుతో సహా ఎర్రర్ వాటిలో ఉంది. అవి హెచ్చరికలుగా రూపొందించినవి కావు కాబట్టి వాటి మీద ఎవరూ కదల్లేదు. మార్కెట్ మొదలయ్యాక 45 నిమిషాల్లో అక్కర్లేని ఆర్డర్లు లక్షల్లో అమలయ్యాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఎర్రర్ నమోదైంది, మనుషులకు చేరింది కూడా. ఇది అందితే ఎవరు ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ రాయలేదు.

అవతలి పక్షం దగ్గరా బలమైన వాదనలున్నాయి. ఫాల్ట్ వివరాలన్నీ బయటపెడితే దాడి చేసేవాళ్లకు దారి చూపినట్టవుతుందని, సామాన్య వినియోగదారు ఎర్రర్ కోడ్‌లు చూసి కంగారు పడతారని అంటారు. మొదటిది నిజమే. డేటాబేస్ పేరు, సర్వర్ లోపలి దారి బయటకు పోకూడదు. కానీ లోపలి గుట్టు దాచడం వేరు, అడిగినవారికి అవసరమైన సమాచారం ఎగ్గొట్టడం వేరు.

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ఈ తేడాను పాటించి చూపించింది. అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు కలిపి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్వాయిస్ గుర్తింపు నంబరు) తయారవుతుంది. విజయవాడలోని ఒక హోల్‌సేల్ వ్యాపారి సాఫ్ట్‌వేర్ ఇన్వాయిస్ పంపాక కనెక్షన్ తెగిందనుకుందాం. జవాబు రాక అదే ఇన్వాయిస్‌ను మళ్లీ పంపుతుంది. పోర్టల్ రెండో ఐఆర్‌ఎన్ పుట్టించదు, ‘సాంకేతిక లోపం’ అనీ అనదు. 2150 అనే కోడ్‌తో ఇది ఇప్పటికే నమోదైందని చెబుతుంది. ఆ జవాబులోనే మొదటి ఐఆర్‌ఎన్‌నూ, దాని రసీదు నంబరునూ, తేదీనీ అందిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాటిని అందుకుని లారీని పంపించేయవచ్చు. ఒక్క రహస్యం బయటపడలేదు, ఒక్క లెక్క తప్పలేదు. డాల్మెల్లింగ్టన్ ఉద్యోగినికి దక్కాల్సింది ఇలాంటి జవాబే.

ఇక, ‘ముందు సవ్యంగా నడిచే దారి కట్టేద్దాం, వైఫల్యాల దారి తర్వాత’ అన్న వాదన. ఒకే డేటాబేస్‌లో జరిగే పనైతే వెనక్కి తిప్పేయడానికి రోల్‌బ్యాక్ ఉంది. రోజుల తరబడి, పలు సంస్థల మధ్య నడిచే ప్రక్రియకు ఆ సౌలభ్యం లేదు. హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలమ్ 1987లోనే ‘సాగాస్’ అనే పరిశోధన పత్రంలో దీనికి మార్గం చూపారు: దీర్ఘమైన పనిని చిన్న అంగలుగా విడగొట్టి, ప్రతి అంగకూ దాన్ని సరిదిద్దే మరో పనిని జతచేయాలి. ఆ దిద్దుబాటు ఎలా ఉండాలన్నది ప్రోగ్రామర్ ఒక్కరే తేల్చగల విషయం కాదు. సరుకు బయల్దేరాక చెల్లింపు రద్దయితే లారీని వెనక్కి పిలవాలా, బాకీగా రాసుకోవాలా? రవాణా ఖర్చు ఎవరిది? వ్యాపారం నడిపేవాళ్లు తొలి రోజే కూర్చుని చెప్పాల్సిన సంగతులివి. గో-లైవ్ తర్వాత అడిగితే, అర్ధరాత్రి సపోర్ట్ డ్యూటీలో ఉన్న కుర్రాడు తనకు తోచినట్టు నిర్ణయించేస్తాడు. వేలాది మంది తెలుగు యువత ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో ఆ డ్యూటీల్లో ఉన్నారు. ఎవరూ రాయని నిబంధనకు వాళ్లను జవాబుదారులను చేయడం అన్యాయం.

అందుకే ఏ ఇంటిగ్రేషన్ ఒప్పందంలోనైనా విజయం ఎలా ఉంటుందో రాసిన పేజీ పక్కనే ఫాల్ట్‌ల పట్టిక ఉండాలి. ఏది ఎవరి తప్పు, ఏది మళ్లీ పంపదగ్గది, జవాబు రాకపోతే స్థితిని ఎక్కడ విచారించాలి, ఎంతసేపట్లో ఏ మనిషి చేతికి చేరాలి అన్నవి అందులో తేలాలి. ఆ పట్టిక లేని ప్రాజెక్టు పూర్తయిందని ఎవరూ సంతకం చేయకూడదు.

ఇంగ్లండ్-వేల్స్ హైకోర్టు 2019 డిసెంబరులో హొరైజన్ వ్యవస్థలోని లోపాలను ఒక్కొక్కటిగా తేల్చినప్పుడు డాల్మెల్లింగ్టన్ లోపం కూడా ఆ జాబితాలో ఉంది. లెక్కల్లో తేడాలున్నాయంటూ 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా పోస్ట్‌మాస్టర్ల మీద కేసులు నడిచాయి. కొందరు జైలుకు వెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు. చివరికి 2024 మే నెలలో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వాళ్లలో వందలాది మంది మీది నేర నిర్ధారణలను మూకుమ్మడిగా రద్దు చేసింది. న్యాయం కోసం ఎదురుచూస్తూనే కన్నుమూసినవాళ్లకు అది అందలేదు.