గుర్రాలెన్ని కావాలి బాబూ?

నాన్న 2005లో ముచ్చటపడి కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అది. ఇరవై ఏళ్లు దాటినా ఇంట్లో దానికి దక్కే మర్యాదే వేరు. ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కొడుకు చేతికి దాని తాళాలొచ్చాయి. ఇంకేముంది... మొదటి నెల జీతంతో సైలెన్సర్ మారింది. రెండో నెల ఎయిర్ ఫిల్టరు, మూడో నెల చక్రాలు. బండి వీధి మలుపులో ఉండగానే ఆ మోతకి అమ్మకు తెలిసిపోతుంది. పొయ్యి మీద టీ పెట్టేస్తుంది.

అయినా కుర్రాడికి తృప్తి లేదు. ఓ రోజు స్నేహితుడి కొత్త కారు సిగ్నల్ దగ్గర దీన్ని అలవోకగా దాటేసింది. ఇక లాభం లేదు, పెద్ద టర్బో బిగించాల్సిందే అనుకున్నాడు. చేతిలో బోనస్ డబ్బుంది. మూడు టర్బోల పేర్లు కాగితం మీద రాసుకుని, ఆ కారును మొదట్నుంచీ చూస్తున్న ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. హైదరాబాదులో పాతకాలం మెకానిక్కుల్ని అలాగే పిలుస్తారు మరి.

ఉస్తాద్ కాగితం చూశాడు.

‘‘అన్నిట్ల పెద్దదే కావాల్నా?’’

‘‘అవును ఉస్తాద్. 300 హార్స్‌పవర్ రావాలి.’’

‘‘300 గుర్రాలు! సరే. ఏ రోడ్డు మీద ఉరికిస్తవ్ బాబూ?’’

కుర్రాడి దగ్గర జవాబు లేదు. రోజూ తిరిగేది కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి. ఆ దారిలో బండి మూడో గేరులో పడితే అదృష్టమే!

పొగ తిప్పే పంకా

టర్బో అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. ఒకే ఇరుసుకు అటొక పంకా, ఇటొక పంకా. ఇంజిన్ వదిలే వేడి పొగ మొదటి దాన్ని తిప్పుతుంది. దాంతోపాటే తిరిగే రెండోది బయటి గాలిని పీల్చి, అదిమి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఆ మేరకు పెట్రోలూ ఎక్కువ మండించొచ్చు. అంటే ఇంజిన్ చిన్నదే, బలం పెద్దది. వృథాగా పోయే పొగతో ఇలా పని చేయించుకునే ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు.

మరి ఏ ఇంజిన్‌కి ఎంత టర్బో? పెట్రోలు కార్లకు నిపుణులు ఓ మోటు లెక్క చెబుతారు. ప్రతి 100 హార్స్‌పవర్‌కీ నిమిషానికి సుమారు నాలుగున్నర కిలోల గాలి కావాలి. కుర్రాడి కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు 150 హార్స్‌పవర్‌ది. దానికి ఏడు కిలోలు చాలు. 300 కావాలంటే పదమూడున్నర కిలోలు. కిలో గాలి అంటే ఎనిమిది వందల లీటర్ల పైమాటే. ఈ లెక్కన రెండు నీళ్ల ట్యాంకర్లు పట్టేంత గాలిని ఒక్క నిమిషంలో తోడిపోయాలన్నమాట!

అంత గాలి తోడాలంటే పంకా పెద్దదై ఉండాలి. చిక్కంతా అక్కడే. జాతరలో కొన్న కాగితపు గాలిపంకా పసిపిల్ల ఊదినా తిరుగుతుంది. ఇంటి సీలింగ్ ఫ్యాను ఎంత ఊదినా కదలదు. టర్బో సంగతీ అంతే. పంకా పెద్దదయ్యేకొద్దీ దాన్ని తిప్పడానికి ఎక్కువ పొగ కావాలి. ఇంజిన్ జోరుగా తిరిగితేనే కదా అంత పొగ వచ్చేది! అందాకా యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఆలోచిస్తున్నట్టుంటుంది. తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. ఈ ఆలస్యాన్నే ‘టర్బో లాగ్’ అంటారు.

కాగితంలో మూడు పేర్లు

కాగితంలో మొదటి పేరు కె03. కారుతో వచ్చిన చిన్న టర్బో అదే. నిమిషానికి 1750 చుట్ల దగ్గరే ఇంజిన్ తన పూర్తి లాగుడు బలం... 210 న్యూటన్ మీటర్లు... ఇచ్చేస్తుంది. ట్రాఫిక్‌లో సరిగ్గా కావాల్సింది ఇదే.

రెండోది కె04. అదే కుటుంబానికి చెందిన 1.8 లీటర్ల ఇంజిన్‌కి కె04 బిగించి ఆడీ టీటీలో 225 హార్స్‌పవర్ రాబట్టారు. లాగుడు బలం 280కి పెరిగింది. కాకపోతే అది 2200 చుట్ల దగ్గర మొదలవుతుంది. కె04లోనూ రకాలున్నాయి. ఒకటి పాత దాని స్థానంలోనే కూర్చుంటుంది. ఆడీది కావాలంటే పొగగొట్టాల అమరికే మార్చుకోవాలి.

మూడోది పోటీల కార్లకు వాడే పెద్ద టర్బో. 300 దాటిస్తుంది, నిజమే. కానీ 3500, 4000 చుట్లు దాటితేగానీ పూర్తిగా నిద్ర లేవదు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇంజిన్ అంత తిరిగేదెప్పుడు?

‘‘టర్బో ఒక్కటి మారిస్తె కాదు బాబూ...’’ అంటూ ఉస్తాద్ వేళ్లు మడవడం మొదలెట్టాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి కావాలి. అదిమిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది కావాలి. లేకపోతే మే నెల ఎండల్లో పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని, ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. పిస్టన్లు కరిగేది అలాగే. కంప్యూటర్‌లో లెక్కలన్నీ తిరగరాయాలి. క్లచ్చి, బ్రేకులు ఆ బలానికి తట్టుకోవాలి. అన్నిటికీ మించి ఈ ఇంజిన్‌లో పిస్టన్లను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్లు సన్నవి. మరీ బలం పెంచితే వంగిపోతాయని దీన్ని మార్చి చూసినవాళ్లందరికీ తెలిసిన సంగతే.

కంపెనీలకే ఈ చిక్కులు తప్పలేదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారొచ్చింది. ఇంజిన్ అలా మోగకుండా నీళ్లు, ఆల్కహాలు కలిపిన ద్రవం కోసం ప్రత్యేకంగా ఒక డబ్బా పెట్టారు. జనం అది నింపడం మరిచిపోయేవారు. చివరికి చాలామంది టర్బో పీకించేసి మామూలు కార్బురేటర్ పెట్టించుకున్నారు!

చట్టం ఒకటుంది

ఇవన్నీ దాటినా ఇంకోటి మిగిలే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా పోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో అనుమతి లేని మార్పులకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. పైగా 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. బండి రవాణా అధికారి ముందు నిలబడాల్సిందే. అది ఇప్పటికీ నాన్న పేరు మీదే ఉంది!

కుర్రాడు నీరుగారిపోయాడు. ‘‘అయితే ఈ బండి ఇంతేనా ఉస్తాద్?’’

‘‘ఇంతేనని ఎవలు చెప్పిండ్రు? అసలు 150 వస్తున్నయా లేవా, చూసినవా?’’

అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఉస్తాద్ మీటరు తగిలించి, కుర్రాడితో బండి నడిపించాడు. టర్బో తోయాల్సిన గాలి ఒత్తిడిలో సగం కూడా రావడం లేదు. టర్బో ఇరుసు పట్టుకుని కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. గొట్టాలు తడుముతూ పోతే ఒక రబ్బరు గొట్టం కింది వైపు పగిలి ఉంది. ఎక్కువైన గాలిని వెనక్కి మళ్లించే చిన్న వాల్వు ఉంటుంది. అందులోని పలుచటి రబ్బరు పొర చిరిగిపోయింది. టర్బో పాపం గాలి తోడుతూనే ఉంది. అది ఇంజిన్‌కి చేరకుండానే జారిపోతోంది.

కుర్రాడు ఇన్నాళ్లూ నడిపింది 150 హార్స్‌పవర్ కారు కాదు. నడిపిందల్లా జబ్బుపడ్డ కారు!

వాల్వు, గొట్టం కొత్తవి వేశారు. ఆయిల్ మార్చారు. బోనస్‌లో పదో వంతు కూడా కాలేదు. మిగిలిన డబ్బుతో కొత్త బ్రేకు ప్యాడ్లు, మంచి టైర్లు వచ్చాయి. ఉస్తాద్ మాట మీద అటకెక్కిన పాత సైలెన్సర్ కిందికి దిగింది.

ఆదివారం పొద్దున్నే తండ్రీకొడుకులు ఔటర్ రింగు రోడ్డెక్కారు. నాన్న చేతిలో స్టీరింగ్. మూడో గేరులో కాలు కాస్త నొక్కగానే కారు ముందుకు లాగింది. నాన్న మొహం వెలిగిపోయింది.

‘‘ఒరేయ్... కొన్నరోజు ఇలాగే ఉండేదిరా!’’

గంట తర్వాత ఇంటికొచ్చారు. కారు గేటు దాటి లోపల ఆగినా పొయ్యి మీద టీ లేదు. బండి వచ్చిన సంగతే అమ్మకు తెలియలేదు మరి!