లైసెన్సు లేని కోపము

మొన్న నల్లగొండలో ఒక పెండ్లివారింట, కాలిఫోర్నియానుండి సెలవులకు వచ్చిన యువకుడొకడు, పెండ్లికొరకై పాతదానిని పగులగొట్టి క్రొత్తగా చేయించిన స్నానాలగదిలో అడుగుపెట్టి, గడపయొద్ద మడుగు కట్టిన నీటిలో పట్టుపంచె అంచు తడుపుకొని వెలుపలికి వచ్చి, "మా దగ్గరైతే ఒక్క కంప్లైంటు పెడితే చాలు మామా, కాంట్రాక్టరు లైసెన్సు గుంజుకుంటరు. ఈడ అడిగెటోడే లేడు" అని మేనమామతో అనెను. మేనమామయు, ప్రక్కనున్న విశ్రాంత ఇంజనీరును, ఇద్దరు న్యాయవాదులును, తుదకు వంటవాడును తలలూపిరి. ఆ తలలూపుటయే నాకు మిక్కిలి చిరాకు కలిగించినది. నీరు నిలిచినమాట నిజమే, నేనును చూచితిని. కాని నీరు నిలిచినచోటనెల్ల ఒక మేస్త్రిని నిలువునా ఉరిదీయవలెనను కోరిక న్యాయమని, నాగరకతయని, అమెరికా యని చెలామణియగుచుండగా చూచుచు ఊరకుండుట నావలన కాదు.

మొట్టమొదట, ఏ లైసెన్సు? విద్యుత్పని చేయువానికి లైసెన్సు కలదు. ప్రభుత్వపు పనులు పట్టు గుత్తేదారునకు తరగతులవారీ రిజిస్ట్రేషను కలదు. మన యింట టైల్సు పరచు సుతారికి, అతనిని తెచ్చి మనకు అప్పగించి నడుమ నిలుచు చిన్న కాంట్రాక్టరునకు మన జిల్లాలలో ఏ శాఖవారును లైసెన్సు ఇచ్చుట లేదు. ఇయ్యనిదానిని గుంజుకొనుటెట్లు? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, లేని లైసెన్సును రద్దు చేయు ఉత్సాహముతో మన పెద్దలు పెండ్లిపంక్తిలో విస్తరి ఎత్తకముందే తీర్పు చెప్పివేసిరి.

పోనిండు, ఆ కాలిఫోర్నియా సంగతియైనను సరిగా చెప్పెనా? అచ్చటి కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు 1929లో ఏర్పడినది. ఫిర్యాదు చేరినంతనే అది ఎవని బ్రతుకును గుంజుకొనదు. విచారణాధికారి పత్రములు చూచును. అవసరమైనచో నిపుణుడు వచ్చి టైల్సు తట్టి చూచును. రాజీకి త్రోవ యున్నచో రాజీ చేయుదురు. లేనిచో రిజిస్ట్రారు అభియోగము మోపును, కాంట్రాక్టరు తన సమాధానము తాను చెప్పుకొనును, పరిపాలనా న్యాయమూర్తి సాక్ష్యము వినును. ఇంతయు జరిగిన పిమ్మట శిక్ష పూర్తిరద్దు కాక, కొన్నాళ్ల సస్పెన్షనుగనో, షరతులతో కూడిన పరీక్షాకాలముగనో ముగియుటయు కలదు. లైసెన్సు పుచ్చుకొన్న ప్రతివాడును 25,000 డాలర్ల పూచీపత్రము దాఖలు చేసి యుండవలెను. అన్నిటికిని మించి, ఇంటి మరమ్మతు పనికి కాంట్రాక్టరు పుచ్చుకొనదగిన బయానా ఒప్పందపు మొత్తములో పదవవంతునకో, వేయి డాలర్లకో, ఏది తక్కువయైన దానికి మించరాదని అచ్చటి చట్టము. ఈ చివరిమాట ఆ కుర్రవాడు చెప్పలేదు. చెప్పినచో, సగము సొమ్ము ముందే మేస్త్రి చేతిలో పోసి, అతడు ఆ సొమ్ముతో వేరొకచోట నిలిచిపోయిన పనికి సిమెంటు కొన్నాడని ఆక్రోశించిన మేనమామ ముఖము ఎట్లుండెడిదో!

లైసెన్సు మీద ఇంత ప్రేమ గలవారు మన పాలమూరు (మహబూబ్‌నగర్) చరిత్రను ఒకమారు చూడవలెను. గుంపు మేస్త్రి యనువాడు మన జిల్లాకు క్రొత్తవాడు కాడు. ఎండకారులో ఊరికి వచ్చి, పెండ్లికో, అప్పునకో, బోరుబావికో చిక్కుబడిన కుటుంబములకు బయానా యిచ్చి, ఆ బయానాతోడనే వారి చేతులను కాళ్లను కట్టివేసి, లారీలకెక్కించి, ఎక్కడి భాషయో తెలియని దేశములలో కాలువలకు, ఆనకట్టలకు, రోడ్లకు తోలుకొనిపోయిన వ్యవస్థకు పెట్టిన పేరది. ఇట్టి వ్యవస్థను అదుపు చేయుటకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. దాని ప్రకారము ఐదుగురిని గాని, అంతకు మించినవారిని గాని పరరాష్ట్రమునకు కొనిపోవు కాంట్రాక్టరు లైసెన్సు తీసికొనవలసియుండెను. కూలికి ఫొటో అంటించిన పాసుపుస్తకము ఇయ్యవలసియుండెను. స్థానభ్రంశపు భత్యము, ప్రయాణపు ఖర్చు ఇయ్యవలసియుండెను. తప్పినచో లైసెన్సు రద్దు. ఎంత చక్కని చట్టము! మక్తల్‌లోను, నారాయణపేటలోను, కొడంగల్‌లోను బస్సు కోసము మూటలమీద కూర్చున్న ముసలివారిని ఎవరినైనను, "తాతా, నీ పాసుపుస్తకమేది?" అని అడిగి చూడుడు. అతడు బ్యాంకు పుస్తకము తీసి చూపును. లైసెన్సు చట్టములో నుండెను, గుంపు మేస్త్రి ఊరిలో నుండెను, వారిరువురు ఒకరినొకరు కలిసికొన్న జాడ మా ప్రాంతమున అరుదు. ఇక స్నానాలగదుల మేస్త్రికి లైసెన్సు పెట్టినంత మాత్రమున నహానీ ట్రాపులోనికి నీరు బుద్ధిగా దిగునని నమ్మువారి అమాయకత్వమునకు నమస్కారము.

నన్ను బాధించు అసలు సంగతి ఇది కాదు. "పాలమూరు లేబర్‌తో పనిచేయించితే గంతే" అని అదే పంక్తిలో ఒక పెద్దమనిషి అనెను. ఆ మాట వినినప్పుడు నా చేతిలోని ముద్ద గొంతు దిగలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము మన నల్లగొండ గడ్డమీద, రాతిపై రాయి పేర్చి, ఇంచుమించు 124 మీటర్ల ఎత్తున నిలిచినది. దానిని యంత్రములు కట్టలేదు, మనుష్యులు కట్టిరి. వంకరమంచెలమీదుగా గంపలు మోసిన ఆ మనుష్యులలో పాలమూరువారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. ఆ చేతులకు మట్టము తెలియదని, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల స్నానాలగదిలో వాటము పెట్టుట చేతకాదని ఎవరైనను అన్నచో, ఆ లోపము చేతులలోనిదా, ఆ చేతులకు మనమిచ్చు వేళలోనిదా, వెలలోనిదా అని తరచి చూడవలెను గదా!

ఆ పెండ్లివారింటి గదియే చూతము. దాని చరిత్ర నాకు కొంత తెలియును. ఇంటి యజమాని మొదట హైదరాబాదునుండి ఒక ఇంటీరియర్ వారిని పిలిపించెను. వారు కంప్యూటరులో రంగుల బొమ్మ చూపి, చదరపుటడుగు లెక్క కట్టి, పనిని స్థానికుడైన ఒక కాంట్రాక్టరునకు తగ్గించి యిచ్చిరి. అతడు ఒక మేస్త్రికి ఇంకను తగ్గించి యిచ్చెను. మేస్త్రి అచ్చంపేట ప్రక్కనుండి ఒక సుతారిని, అతని భార్యను తెచ్చెను. పైనుండి క్రిందికి దిగులోపల ఆ పనికి మిగిలిన సొమ్మెంతయో, ఎన్ని సంచుల సిమెంటు ఎన్ని సంచులైనదో ఊహించుకొనవచ్చును. పెండ్లి ముహూర్తము ముంచుకొని వచ్చినది గనుక, పాత గచ్చు పగులగొట్టిన మరునాడే వాటర్ ప్రూఫింగు పూత పూసి, అది ఆరకముందే టైల్సు వేయించిరి. పూసిన పిమ్మట ట్రాపు నోరు మూసి, ఒక రాత్రి ఒక పగలు నీరు నిలిపి, క్రిందికప్పు చెమ్మగిల్లునా లేదా అని చూడవలెనను సంగతి అందరికిని తెలియును. చూచుటకు తీరికయే ఎవరికిని లేదు.

ఇంతలో వాస్తుపండితుడు దిగెను. ట్రాపు పాతకాలమునుండి నైరుతి మూలనున్నది. పండితుడు నీరు ఈశాన్యమునకే పారవలెననెను. ఆ సుతారి రసమట్టము బద్దను నేలమీద పెట్టి, బుడగను వేలితో చూపించుచు, "సారూ, బొక్క ఈడున్నది, వాటం ఆడికి పెడ్తే నీళ్లు యాడికి పోతయి?" అని అడిగెను. "నీకెందుకోయ్, చెప్పినట్టు చెయ్" అని యజమాని. సుతారి తలవంచి, అడుగునకు పావు అంగుళము చొప్పున, ఎంతో నేర్పుతో, పండితుడు చెప్పిన దిక్కునకే వాటము పెట్టెను. నీరు విధేయతతో ఈశాన్యమునకు పారి, అచ్చట గడపయుండుటచేత అచ్చటనే నిలిచినది. ఇక ఆ కాలిఫోర్నియా బోర్డును తెచ్చి ఇచ్చట కూర్చుండబెట్టి అభియోగపత్రము వ్రాయించినచో, ముద్దాయి పేరెవరిది వ్రాయుదురు? ఆ గొలుసులో అందరికన్న క్రింద ఉన్నవానిది. పండితునకు లైసెన్సు లేదు, బొమ్మ గీసినవానికి లేదు, ముహూర్తము పెట్టినవానికి లేదు.

స్నానాలగదుల వేలంవెర్రి గూర్చి కూడ ఒకమాట చెప్పక మానలేను. మన యిండ్లలో వెనుకటికి జాలారి యని ఒక మూల ఉండెడిది. రెండు షాబాదు బండలు, ప్రక్కన నీళ్ల గోలెము, కాగు, నీరు పెరటిలోని అరటిచెట్టునకు పోవు కాలువ. దానిలో ఎవరును జారిపడలేదని అనను, కాని చెడుటకు అందులో ఏమియు లేదు. ఇప్పుడు గాజు తెర, గోడలో దాచిన పైపులు, తలమీద వానవలె కురియు షవరు. మన నీరు ఎట్టిదో మరచితిమా? నీటినుండి పటికతో, సున్నముతో ఫ్లోరైడును తీయు విధానమునకు లోకము నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టినది. ఊరి పేరు ఆ విధముగా శాస్త్రగ్రంథములకెక్కిన దుర్భాగ్యము మనది. కృష్ణనీరు వచ్చినది, సంతోషమే. కాని పై ట్యాంకులోనికి బోరునీరు ఎక్కించు ఇండ్లు ఇప్పటికిని ఎన్నియో. ఆ నీటికి షవరు రంధ్రములు తెల్లని పొక్కు కట్టి పూడిపోవును, గాజు తెర మసకబారును. దానికి కూడ, "వాడు డూప్లికేటు సామాను వేసిండు" అని మేస్త్రినే తిట్టుదురు.

శిక్ష కావలెననువారికి చట్టము లేకపోలేదు. ఇండ్ల నిర్మాణము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చు సేవయే యని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పినది. మన హైదరాబాదు చుట్టుప్రక్కల ప్లాట్లు వేసి అమ్మిన నార్నే కన్‌స్ట్రక్షన్ వారి కేసులో 2012లో ఆ మాటనే ఇంకొక మెట్టు ముందుకు తీసికొనిపోయినది. నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను జిల్లా వినియోగదారుల కమిషన్లు కలవు. 2019 చట్టము ప్రకారము రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షలలోపు వ్యవహారమునకు రుసుము లేదు. ప్రయోగశాల పరీక్ష అవసరము లేనిచో మూడు నెలలలో తేల్చవలెనని వ్రాసియున్నది. ఆ మూడు నెలల సంగతి ఆ కమిషన్ల వరండాలో కూర్చున్నవారికి తెలియును. నేను చెప్పనక్కర లేదు. ఆజ్ఞను లెక్కచేయనివానికి నెలనుండి మూడేండ్ల వరకు జైలు కూడ కలదు. మరి, ఆ పంక్తిలోని న్యాయవాదులలో ఒక్కడైనను ఆ త్రోవ చెప్పెనా? చెప్పినచో మొదటి ప్రశ్న, "ఒప్పందపు కాగితమేది?" అని వచ్చును. కాగితము లేదు. రసీదు లేదు. ఫోనులో "సరే అన్నా, చేసేద్దాం" అను మాట తప్ప ఏమియు లేదు. జీఎస్టీ తప్పించుకొనుటకు బిల్లు వద్దన్నది ఎవరో కూడ ఆ ఇంటివారికే తెలియును. ఇక రెరా యను స్థిరాస్తి చట్టమున్నది గదా యందురు. ప్రమోటరు కట్టి అమ్మిన ఇంటిలో ఐదేండ్లలోపల పనితనపు లోపము బయటపడినచో ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలెనని 2016 చట్టము చెప్పును గాని, మనము మన యింట చేయించుకొను మరమ్మతు దాని పరిధిలోనిది కాదు.

నల్లపట్టీ, అనగా బ్లాక్‌లిస్టు, అను మరియొక మందు కలదు. ప్రభుత్వపు గుత్తేదారును అతని మాట వినకుండ నల్లపట్టీకెక్కించరాదని 1974లోనే ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు పలికినది. వినియే ఎక్కించినను ఏమగును? బావమరది పేర క్రొత్త బోర్డు లేచును. పెద్దపనుల సంగతి చూడుడు, 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగినప్పుడు విచారణ కమిషను, సాక్ష్యములు, నివేదిక, శాసనసభలో చర్చ, అన్నియు యథావిధిగా నడచినవి. పెద్దపనికి పెద్ద ఓర్పు. బాత్రూము గడప దగ్గర గరిటెడు నీరు నిలిచినచో మాత్రము మనకు క్షణము ఓర్పు లేదు.

స్వచ్ఛభారత్ దినములు గుర్తున్నవా? 2014 అక్టోబరు 2 తరువాత ఇంటింటికి మరుగుదొడ్డికి 12,000 రూపాయలు. ఆ సొమ్ములో గోడ, కప్పు, తలుపు, గుంట, కుండీ, అన్నియు రావలెను. మా ఊళ్లలో ఎన్నింటిలోనో ఇప్పుడు వరిగడ్డియు, పిడకలును, విరిగిన నాగలి కర్రులును ఉన్నవి. రేకు తలుపు తీసినచో కోడి ఎగిరి వచ్చును. అక్కడ ఎవని లైసెన్సు రద్దు చేయుదురు? ఆ 12,000తోనే పని పూర్తియగునని లెక్కవేసిన కలము ఎక్కడి ఏ గదిలో ఉన్నదో తెలిసినవారు చెప్పవలెను. చెప్పరు, సిమెంటు కలిపినవాడు కంటికి కనబడుచున్నాడు గనుక వానినే పట్టుకొందురు.

మరి నీవేమి చేయమందువని అడుగుదురు. విపులముగా చెప్పుటకు ఇది చోటు కాదు. స్థూలముగా మాత్రము అనుచున్నాను. పురపాలక సంఘములవారు తెలుగులో ఒక పుట ఒప్పందపు నమూనా అచ్చువేసి, సిమెంటు దుకాణములలోను, టైల్సు దుకాణములలోను ఉచితముగా ఉంచవలెను. బయానా పదవవంతునకు మించరాదు. కొంత సొమ్ము నీరు నిలిపి చూచు పరీక్ష ముగియువరకు యజమానియొద్దనే ఉండవలెను, కాని పరీక్ష ముగిసిన నాడే చెల్లించవలెను. మన పెద్దమనుష్యులు ఆ కడపటి సొమ్మును ఎగ్గొట్టుటలో ఎంతటి నేర్పరులో మేస్త్రులకు తెలిసినంత ఎవరికిని తెలియదు. ఒప్పందము మీద సుతారి పేరు, కాంట్రాక్టరు పేరుతోపాటు అదే అక్షరములలో ఉండవలెను. తగవు వచ్చినచో తీర్చువాడెవరు, వార్డు ఆఫీసరా, పాలిటెక్నిక్ ఇంజనీరా, నిర్మాణ కార్మికుల సంఘమా అనునది ఇంకను ఆలోచించవలసిన సంగతి. ట్రాపు ఏ మూలనున్నదో, వాటము ఏ దిక్కునకు పోవలెనో ఆ కాగితముమీద మొదటనే వ్రాసి, దానిక్రింద యజమానిచేతను, ఆయన నమ్మిన వాస్తుపండితునిచేతను సంతకము పెట్టించి, ఆ పిమ్మటనే సుతారి చేతికి తాపీ ఇయ్యవలెను.