తెరచాపపలక – దాని మాస్టు

2023 సంవత్సరమున చైనాదేశపు హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలయందు మన ఇబాద్ అలీ విండ్‌సర్ఫింగు పందెమున కాంస్యపతకము గడించెను. దేశము సంతసించినది, మేమును సంతసించితిమి. కాని ఈ క్రీడ నేర్ప బూనిన సంఘములవారు పిల్లల చేతులకు ఎట్టి పనిముట్ల నిచ్చుచున్నారో విచారించువారు అరుదు.

1960ల చివర అమెరికాయందలి కాలిఫోర్నియాలో ష్వైట్జరు, డ్రేకు అనువారు ఈ పలకను రూపొందించినపుడు చేతితో పట్టుకొను బూము టేకుకర్రతో చేయబడెను. నేడది అల్యూమినియమో, కార్బనో. తెరచాపను నిలుపు మాస్టు గాజునార, కార్బనునారలను ఎపాక్సీ జిగురుతో కలిపి చుట్టిన బోలు గొట్టము.

మాస్టుపై కార్బను నూటికింతయని అచ్చు వేయుదురు. నూటికి నూరున్నదే మేలని తలచి కొనువారు పెక్కురు. కార్బను హెచ్చినకొలది బరువు తగ్గును, బిగువు పెరుగును. పందెగానికి అది లాభమే. దెబ్బ తగిలినపుడు ఓర్చుకొనునది మాత్రము గాజునార పాలు ఎక్కువగా గలదియే. అడుగున లోపలి వ్యాసము 32 మిల్లీమీటర్లుండు సన్నని మాస్టులు, 48 మిల్లీమీటర్ల లావువానికంటె దళసరి గోడలు గలవి గనుక, అలల తాకిడికి మెరుగుగా నిలుచును. నేర్చుకొను బాలునకు గ్రాముల లెక్క యేల?

మాస్టు తరచు విరుగునది బూమును బిగించినచోటనే. ఏతపుకొయ్య కట్టు దగ్గర చిట్లునని మన రైతు నడిగినను చెప్పును. ఆ పట్టులో ఒక యిసుకరేణువు చిక్కి గీత పడిన చాలును, చీలిక అచ్చటనుండి పెరుగును. రెండు ముక్కల మాస్టు అతుకులో ఇసుక చేరినచో మరల ఊడుట కష్టము. అల్యూమినియపు బూము సంగతి వేరు. ఉప్పునీరు గొట్టములోనికి జొచ్చి, పైనున్న రబ్బరుపట్టు చాటున లోహమును తినివేయును. పైకి నిగనిగలాడుచునే యుండును. హుస్సేనుసాగరపు ఉప్పులేని నీట తెరచాప నేర్చినవారికి ఈ చేటు అంతగా తెలియదు. విశాఖ కడలికి వచ్చిన పిదప తెలియును.

విరిగినది వస్తువే యైన డబ్బుతో పోవును. గాలి తీరమునుండి కడలివైపు వీచునపుడు విరిగినచో మనిషియే కొట్టుకొనిపోవును. కావున ప్రతి సాయంకాలము అతుకులూడదీసి మంచినీట కడుగుట, బూమును అప్పుడప్పుడు పూర్తిగా విప్పి చూచుట నేర్పువారి విధిగా నుండవలెను. గీత లోతుగ కన్పించిన ముక్కను పక్కన బెట్టవలసినదే. రెండవ ముక్క అదే వంపుగల మరొక మాస్టుకు పనికివచ్చును.

తేజస్ విమానపు రెక్కలను కార్బనునారతో చేసిన దేశమిది. నాలుగు మీటర్ల గొట్టము చుట్టుటకు మన కార్ఖానాలకు చేతగాదని మేము నమ్మజాలము. పందెముల మాట అటుంచి, శిక్షణకై గాజునార కలిసిన గట్టి మాస్టులను దేశముననే చేయించి తీరప్రాంత సంఘముల కీయవలెనని క్రీడాశాఖవారిని కోరుచున్నాము.