తాళం వేసిన ఇళ్ల అభిప్రాయం

జనవరి నెలలో కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు ఏ ఊరికైనా ప్రశ్నావళి పట్టుకుని వెళ్లి చూడండి. వీధికి వీధి తాళాలు కనిపిస్తాయి. వానాకాలం పంట పోయినా, వచ్చిన పంట అప్పుకు చాలకపోయినా, కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు, ఉగాదికో ఆ తర్వాతో తిరిగి వస్తారు. ఇంటి ముందు ముసలమ్మ ఉంటుంది. ఆమెకు తోడుగా బడి ఈడు పిల్ల ఉంటుంది, ఒక్కోసారి ఆ పిల్లను కూడా తీసుకుపోయి ఉంటారు. సర్వే చేసే అమ్మాయి ఫారంలో 'ఇల్లు తాళం' అన్న గడిలో టిక్కు పెట్టి పక్కింటికి పోతుంది. సాయంత్రానికి ఆమెకిచ్చిన లెక్క నిండుతుంది, ఊళ్లో ఉన్నవాళ్లతో. ఉన్నవాళ్లెవరు? బోరులో నీళ్లున్నవాళ్లు, అంగడి ఉన్నవాళ్లు, నెలజీతం ఉన్నవాళ్లు, కదల్లేని ముసలివాళ్లు. ఆ తర్వాత మన నివేదికలో 'సముదాయ అభిప్రాయం' అని ఒక అధ్యాయం ఉంటుంది.

ఈ పని నేనూ చేశాను. అందుకే రాస్తున్నాను.

ఇవాళ ఏ సంస్థా, ఏ ప్రభుత్వ పథకమూ ప్రజలను అడగకుండా పని మొదలుపెట్టానని చెప్పుకోదు. ఫోకస్ గ్రూప్ చర్చ, ముఖాముఖి, సర్వే ఈ మూడూ లేని ప్రాజెక్టు ప్రతిపాదనను నిధులిచ్చేవాళ్లు తిప్పి పంపుతారు. ఒకప్పుడు అడగడమే లేదు కదా, ఇదొక విజయం కాదా అని మిత్రులు అంటారు. కొంతవరకు నిజమే. స్త్రీలను అడగాలన్నది స్త్రీల ఉద్యమం పోరాడి సాధించుకున్న విషయం. 1974లో వచ్చిన స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదిక గానీ, 1988లో ఇలా భట్ నాయకత్వాన వచ్చిన శ్రమశక్తి నివేదిక గానీ ఊళ్లకు వెళ్లి స్త్రీలతో కూర్చుని మాట్లాడినందువల్లే అంత బలంగా వచ్చాయి. మన తెలుగులోనే, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, ముఖాముఖి అన్నది చరిత్రనే తిరగరాయగలదని తెలిసింది. ఆ సాధనాలే ఇప్పుడు మన చేతుల్లో ఏమయ్యాయన్నది నా ప్రశ్న.

ఫోకస్ గ్రూప్ పుట్టుక ఒకసారి గుర్తు చేసుకుందాం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో రేడియో ప్రచారం జనం మీద ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి రాబర్ట్ మెర్టన్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు వాడిన పద్ధతి అది. తర్వాత దాన్ని సబ్బులూ సిగరెట్లూ అమ్మే కంపెనీలు చేతికి తీసుకున్నాయి. సరుకు ముందే తయారై ఉంటుంది, దాన్ని ఎలా చెబితే జనం కొంటారో తేలాలి. మన ఊళ్లలో జరిగే చాలా బృంద చర్చలకు ఈ పుట్టుమచ్చ ఇంకా పోలేదు. కుట్టుమిషన్ల శిక్షణ ఇవ్వాలని బడ్జెట్లో ముందే రాసుకుని వెళ్లి, 'మీకేం కావాలమ్మా' అని అడుగుతాం. నీళ్లు కావాలంటారు. అది 'ఇతర అంశాలు' కిందికి పోతుంది.

చర్చ ఎక్కడ పెడతాం? రామాలయం అరుగు మీదనో, పంచాయతీ ఆఫీసులోనో, పొదుపు సంఘం గదిలోనో. రామాలయం దగ్గర పెడితే మాదిగవాడ నుంచి ఎవరూ రారు, వచ్చినా కింద మెట్ల దగ్గర నిలబడతారు. అప్పుడు మన రికార్డులో 'పాల్గొన్నవారు 18' అని ఉంటుంది, ఎవరు కూర్చున్నారో ఎవరు నిలబడ్డారో ఉండదు. పొదుపు సంఘం సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1995 నుంచి ఐక్యరాజ్యసమితి దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద మొదలై పెరిగిన మహిళా సంఘాలు రాష్ట్రమంతటికీ, దేశానికీ నమూనా అయ్యాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఇవాళ 'స్త్రీలతో మాట్లాడాం' అంటే 'సంఘం లీడర్లతో మాట్లాడాం' అని అర్థం చేసుకోవలసి వస్తున్నది. వాయిదా కట్టలేక సంఘం నుంచి జారిపోయిన స్త్రీ ఆ గదిలో ఉండదు. ఉన్నవాళ్లు కూడా, రాకపోతే జరిమానా వేస్తారనో, రేపు లోనుకు అడ్డం పడతారనో వచ్చి కూర్చుంటారు. లీడర్ ఒక మాట అంటుంది, మిగిలినవాళ్లు అవునంటారు. దాన్ని మనం ఏకాభిప్రాయం అని రాసుకుంటాం.

గుంపులో మాట్లాడితే నిజం రాదని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతిలో కూర్చున్న స్త్రీలు వాచకంలోని పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సారా దుకాణం ముందుకు వెళ్లారు. అది కర్నూలుకూ కడపకూ పాకింది. 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ చర్చకు మోడరేటర్ లేదు, ఒకటిన్నర గంట గడువు లేదు. అన్నిటికంటే ముఖ్యం, దాని ఫలితం ఏమిటో ఎవరూ ముందుగా రాసుకోలేదు. ఆ వాచకాన్ని అచ్చువేసిన ప్రభుత్వమే వేలంపాటల్లో సారా అమ్ముకుంటున్నదని గుర్తుంచుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది.

సర్వేకు వద్దాం. 'మీరు పని చేస్తారా?' అంటే, 'లేదమ్మా, ఇంట్లోనే ఉంటా' అంటుంది. అంటున్నంతసేపూ ఆమె చేతులు విత్తనానికి బుడ్డలు ఒలుస్తూనే ఉంటాయి. ఈ సంగతి ఎత్తిచూపీ ఎత్తిచూపీ, 1991 జనగణనలో పొలంలోనూ కుటుంబ వృత్తిలోనూ జీతం లేకుండా చేసే పనిని కూడా ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చేలా చేసుకున్నాం. 2024 కాల వినియోగ సర్వేలో ఎన్యూమరేటర్లు 'పని చేస్తారా' అని అడగలేదు, 'నిన్న తెల్లవారుజామున 4 గంటల నుంచి ఏమేం చేశారు' అని అడిగారు. ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు అందులోనే గడుపుతున్నారని, పురుషులు 88 నిమిషాలని తేలింది. ప్రశ్న మారితే జవాబు మారింది. మన ప్రశ్నావళులు మాత్రం ఇప్పటికీ హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఇంగ్లీషులో పుట్టి, ఎవరో తెలుగు చేయగా మనకు అందుతాయి. కర్నూలులో బుడ్డలు, కడపలో శెనిక్కాయలు అనే పంటను అందులో 'వేరుశనగ' అంటారు, ఇది చిన్న సంగతే. 'నెలసరి ఆదాయం' అన్న గడి పెద్ద సంగతి. మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, మూడు నెలలు గుత్తకు కోసి ఆ బాకీ తీర్చే స్త్రీకి నెలసరి ఆదాయం ఎంత? ఆమె ఏదో ఒక అంకె చెబుతుంది, మన మీద జాలితో.

మౌనానికి కారణాలుంటాయి. రాజంపేట, కోడూరు, రాయచోటి వైపు ఊళ్లలో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారంటే అతిశయోక్తి ఉండొచ్చు గానీ, స్త్రీలు ఇంటిపనికి అక్కడికి పోవడం దశాబ్దాలుగా ఉన్నదే. 30 ఏళ్లు నిండని స్త్రీ ఆ పనికి వెళ్లడానికి ప్రభుత్వ నిబంధన ఒప్పుకోదు. కాబట్టి ఏజెంట్లు విజిట్ వీసాల మీద, దొంగ వయసులతో పంపుతారు. అలాంటి ఇంట్లో 'మీ కోడలు ఎక్కడుంది' అంటే 'పుట్టింటికి పోయింది' అంటారు. అది అబద్ధమని మనం విసుక్కుంటాం. నిజం చెబితే ఆమెకు ఏమవుతుందో వాళ్లకు తెలుసు, మనకు తెలియదు. రక్షణ పేరిట పెట్టిన నిబంధన ఆమెను మన లెక్కల్లోంచి కూడా మాయం చేసింది.

ఇప్పుడు నా సంగతి. ఏళ్ల కిందట ఒక సంస్థ తరఫున నంద్యాల వైపు ఒక ఊళ్లో గృహహింస మీద ముఖాముఖులు చేస్తున్నాను. ఒకామెతో వెనక వసారాలో కూర్చున్నాను. అత్త రెండుసార్లు మంచినీళ్ల వంకతో వచ్చి పోయింది. ఆమె తలవంచుకుని, తక్కువ గొంతుతో, చాలా చెప్పింది. మంచి ముఖాముఖి అని సంతోషపడి లేచాను. మరుసటి రోజు పక్క వీధిలో ఉండగా తెలిసింది, 'బయటోళ్లకు ఏం చెప్పినావ్' అని రాత్రి మొగుడు కొట్టాడని. ఆ నివేదికలో ఆమె మాటలు పేరు మార్చి వాడాం. దెబ్బల సంగతి అందులో లేదు, ఎందుకంటే అది 'ఇంటర్వ్యూ తర్వాత' జరిగింది.

ఇలాంటివి జరుగుతాయనే 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు పెట్టింది. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలి, ఏకాంతం లేకపోతే ఆపేయాలి, విషయం గృహహింస అని ఊరికి తెలియనివ్వకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా హింస ప్రశ్నలను ఇంటికొక్క స్త్రీనే, ఏకాంతం దొరికితేనే అడుగుతుంది. ప్రభుత్వ సర్వే పాటించే ఈ కనీస జాగ్రత్తను, స్త్రీవాదులమని చెప్పుకునే మనం ఎన్నిసార్లు గడువు వంకతో వదిలేశాం? సంతకమో వేలిముద్రో తీసుకుంటే సమ్మతి అయిపోయిందనుకుంటాం. వేలిముద్ర వేయించుకున్న వాళ్లెవరూ తమకు మేలు చేయలేదన్నది ఆమె జీవితానుభవం.

ఇక చట్టమే అభిప్రాయం అడగమన్న సందర్భం. పర్యావరణ అనుమతులకు బహిరంగ విచారణ 1997 నుంచి తప్పనిసరి అయింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని కోసం 2006 సెప్టెంబర్ 10న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ అటువంటిదే. ఉద్యోగాలు, పరిహారం గురించిన మాట ముందుకొచ్చింది. తాగునీళ్ల మాట, పశువుల మాట, కడుపుతో ఉన్నవాళ్ల మాట వెనకబడింది. గని వచ్చింది, శుద్ధి కర్మాగారం వచ్చింది. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి విచారణకు కోరం అవసరం లేదు, అంటే ఇంతమంది రావాలన్న నియమమే లేదు. ప్రకటన దినపత్రికల్లో వేస్తే చాలు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా స్త్రీలలో చదవగలవాళ్లు సగం లోపే. పేపరు వచ్చేది హోటలుకు, హోటలు బల్ల మీద కూర్చునేది మగవాళ్లు. మైకు దగ్గరికి పిలిచేసరికి స్త్రీలు వంటకు వెళ్లిపోయి ఉంటారు.

2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 చోట్ల బోర్లు వేసి చూడాలన్నప్పుడు ఎవరినీ అడగలేదు, అన్వేషణ దశకు ఆ విచారణ అక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. నవంబరులో ప్రభుత్వం ఆ పని ఆపుతామని ప్రకటించింది. అడిగినచోట వినలేదు, అడగనిచోట వినిపించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని మన సంస్థల్లో కొత్తగా చేరే అమ్మాయిలకు చెబుతుంటాను.

ఈ మధ్య ఇంకో తేలిక మార్గం వచ్చింది. ఫోనులో రికార్డు చేసిన గొంతు అడుగుతుంది, సంతృప్తి అయితే ఒకటి నొక్కండి, కాకపోతే రెండు. ఫోను ఎవరి జేబులో ఉంది? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సగం మంది కూడా లేరు.

మరి ఎలా అడగాలి? 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' అని ఒక ప్రయత్నం జరిగింది. చిన్న, సన్నకారు రైతులతో 19 మంది జ్యూరీ. మూడింట రెండు వంతుల పైన స్త్రీలు, ఎక్కువమంది దళితులు, ఆదివాసులు. ప్రభుత్వ విజన్ 2020 పత్రం మీద అధికారులనూ, కంపెనీలవాళ్లనూ, శాస్త్రవేత్తలనూ రోజుల తరబడి వాళ్లే ప్రశ్నించి తీర్పు చెప్పారు. భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడాన్ని వద్దన్నారు. ఆ తీర్పు నచ్చని బ్రిటిష్ సహాయ సంస్థ అధికారులు పద్ధతి సరిగా లేదన్నారు. జనం ఔనన్నప్పుడు ఎవరూ పద్ధతి గురించి అడగరు. అందులోనూ లోపాలుండొచ్చు. నాకు నచ్చింది ఒకటే, ప్రశ్న అడిగే హక్కు అటువైపు ఉంది.

అంత ఖర్చు, అంత సమయం అన్నిచోట్లా సాధ్యం కాదని ఒప్పుకుంటాను. కానీ కొన్ని పనులకు డబ్బుకంటే ఎక్కువగా పట్టుదల కావాలి. సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా సర్వే ఆపమని నిధులిచ్చేవాళ్లతో వాదించవచ్చు. వాళ్ల ఆర్థిక సంవత్సరం మార్చికి ముగిస్తే అది వాళ్ల బాధ. వాడవాడకూ విడిగా, ఆ వాడలోనే కూర్చోవచ్చు. పగలు కూలి పోగొట్టుకుని వచ్చిన స్త్రీకి ఆ కూలి కట్టివ్వవచ్చు, దానివల్ల జవాబు చెడుతుందని మన పుస్తకాలు భయపెడతాయి గానీ, మన జీతం వల్ల ప్రశ్న చెడలేదా? రాసుకున్నది మళ్లీ వెళ్లి చదివి వినిపించవచ్చు.

ఈ చివరిది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆలూరు దగ్గర ఒక ఊళ్లో మూడో చర్చకు కూర్చోబోతుంటే ఒక పెద్దామె అడిగింది, 'పోయినసారి శానా రాసుకుంటిరి కదమ్మా, ఏం రాసుకుంటిరో సదవండి.' చదివాను. తాగునీళ్ల కోసం నడిచే దూరం 2 కిలోమీటర్లని రాసి ఉంది. 'దూరం కాదు మేడమ్ మేం సెప్పింది,' అని ఇంకొకామె అందుకుంది. 'ఆ బోరు ఎవరిదో సెప్పినాం. ఆ పేరు యాడ పాయె?' నా నోటుబుక్కులో ఆ పేరు లేదు. ఆ పూట చర్చ ఆ పేరు దగ్గరే మొదలైంది, చీకటి పడేదాకా సాగింది.