కొండబాటకు ఏ డ్రోను?

కొండబాటల మీద సైకిలు తొక్కేవారు, గుర్రమెక్కి అడవిలోకి పోయేవారు తమ స్వారీని ఆకాశం నుండి చిత్రించుకోవాలని ముచ్చటపడడం ఈ రోజుల్లో సామాన్యమైపోయింది. ఆ ముచ్చటను నేను తప్పుపట్టను. కొండ ఎంత పెద్దదో, దానిమీద మనిషి ఎంత చిన్నవాడో ఒక్క చూపులో బోధపరచగల శక్తి పైనుండి తీసిన దృశ్యానికి ఉన్నది. అయితే ఏ డ్రోను కొనాలి అని అడిగినవారికి లభించే సమాధానాలలో అధికభాగం కెమెరా స్పష్టత ఎంత, బ్యాటరీ ఎన్ని నిమిషాలు వస్తుంది, మనిషి వెంట ఎంత వేగంగా పరుగెత్తగలదు అన్న మూడు విషయాలతోనే ముగిసిపోతున్నవి. ఈ మూడూ తెలుసుకోదగినవే, కాని చివర అడగవలసిన ప్రశ్నలు. ముందు చోటు, పిదప తోడు, ఆ తరువాతే యంత్రం అన్నది నా అభిప్రాయం. ఈ వరుసలో ఆలోచిస్తే చాలామందికి మడిచి సంచిలో వేసుకోదగిన చిన్న డ్రోను చాలునని తేలుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకుని విశ్రాంతి తీసుకుంటున్న పంతులుకు ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. మా చెల్లెలి కుమారుడు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉంటాడు. సెలవు దొరికితే చాలు, సైకిలును కారు వెనుక కట్టుకుని పొరుగున ఉన్న యూటా రాష్ట్రంలోని మోయాబ్ కొండలకు పోతాడు. వాడు డ్రోను కొనబోతున్నానని చెప్పినప్పుడు అడగకుండానే సలహా ఇచ్చాను. “ఇవన్నీ మీకెలా తెలుసు మామయ్యా?” అన్నాడు. “చదువుకున్నానురా” అన్నాను. ఆ చదువునే ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ఆంగ్లంలో డ్రోను అంటే మగ తేనెటీగ. మన పెద్దలెవరైనా ఈ యంత్రానికి పేరు పెట్టవలసి వస్తే తుమ్మెద అని ఉండేవారేమో. ఝుంకారం చేస్తూ ముఖం చుట్టూ తిరిగి విసిగించడం కావ్యాలలోని తుమ్మెదకూ అలవాటే కదా. ఈ విసిగించే గుణాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

మొదట చోటు సంగతి. అమెరికాలో 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం కొన్ని అడవులను యంత్రాలకు అందకుండా కాపాడుతున్నది. అక్కడ గుర్రానికి ప్రవేశం ఉన్నది, సైకిలుకు లేదు, డ్రోనును ఎగరేయడానికీ దింపడానికీ వీలులేదు. కనుక గుర్రపు స్వారీ చేసేవారు తమకు బాట తెరిచి ఉన్నది గదా, డ్రోనుకు మాత్రం అడ్డేమిటి అనుకోరాదు. జాతీయోద్యానాలలోనైతే 2014 జూన్‌లో వెలువడిన ఉత్తర్వు ప్రకారం డ్రోన్లు దాదాపు అన్నిచోట్లా నిషిద్ధం. మోయాబ్ ఊరికి ఒకవైపు ఆర్చెస్, మరొకవైపు కాన్యన్‌లాండ్స్ జాతీయోద్యానాలు ఉన్నవి. వాటి చుట్టూ భూనిర్వహణ శాఖవారి భూములు, వైల్డర్‌నెస్ పరిధిలో లేని జాతీయారణ్యాలు విస్తరించి ఉన్నవి. వీటిలో సాధారణంగా అనుమతి ఉంటుంది గాని, స్థానికపు కట్టుబాట్లు చోటుచోటుకూ మారుతుంటవి. అంతా ఒకే ఎర్రరాతి నేల, మధ్యలో గోడ ఏదీ కనబడదు. కంటికి కనబడని ఆ గీత దాటితే నిన్నటి వినోదం నేడు నేరమవుతుంది. అందుచేత డ్రోను ధర చూడకముందే, తాము ఏడాదిలో తిరిగే బాటలలో ఎన్ని ఏ పరిధిలోకి వస్తాయో పటం ముందు పెట్టుకుని లెక్కవేసుకోవాలి. సగానికి పైగా నిషిద్ధ ప్రాంతాలే అయితే ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవడం మేలు.

చట్టం ఒప్పుకున్నచోట కూడా నేల ఒప్పుకోవాలి. మోయాబ్‌లో హోల్ ఎంచిలాడా అనే ప్రసిద్ధమైన సైకిలు బాట ఉన్నది. అది లాసాల్ కొండలలో 11,000 అడుగులకు పైన మొదలై, కొలరాడో నది దగ్గర సుమారు 4,000 అడుగుల ఎత్తున ముగుస్తుంది. పైభాగమంతా చెట్ల నీడ. అక్కడ డ్రోను కొమ్మల పైన ఎగిరితే స్వారీ కనబడదు, కొమ్మల క్రిందికి దిగితే చెట్టుకు తగులుకుంటుంది. కిందికి దిగినకొద్దీ చెట్లు పొట్టివై, చివరకు బట్టబయలు రాతినేల వస్తుంది. డ్రోనుకు తగిన రంగస్థలం అదే. ఒకే బాటలో ఇంత తేడా ఉన్నప్పుడు, మొదటి నుండి చివరి వరకూ వెంట ఎగిరి చిత్రించే డ్రోను కావాలనే కోరిక ఎంతవరకు సబబో ఆలోచించండి.

వెంటబడే డ్రోన్లు లేకపోలేదు. అమెరికాకు చెందిన స్కైడియో సంస్థ 2019లో విడుదల చేసిన స్కైడియో 2 ఈ విద్యలో ఆరితేరినది. దారి చూసుకోవడానికే దానికి ఆరు కెమెరాలు ఉండేవి. చెట్ల నడుమ అది తప్పించుకుంటూ పోయే తీరు చూసి సైకిలు వీరులు ముగ్ధులయ్యారు. కాని ఆ సంస్థ 2023 ఆగస్టులో సామాన్య వినియోగదారులకు అమ్మకాలు మానుకుని, ప్రభుత్వాలకూ పరిశ్రమలకూ పరిమితమైంది. నేడు ఇతర సంస్థల డ్రోన్లలోనూ అన్నివైపులా చూసే సెన్సార్లు వచ్చినవి. అయినా ఆకురాలిన సన్నని రెమ్మ, తీగ, కంచె కమ్మీ వంటివి వాటికి సరిగా ఆనవు. ఎండ ఎదురుగా ఉన్నా, చీకటి పడుతున్నా వాటి చూపు మరింత మందగిస్తుంది.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. డ్రోను ఎల్లప్పుడూ ఎగరేసేవాని కంటికి, లేదా అతని పక్కనున్న సహాయకుని కంటికి ఆనుతూ ఉండాలని అమెరికా విమానయాన సంస్థ నిబంధన. ఒంటరిగా సైకిలు తొక్కుతూ, బాట మీదనుండి చూపు తిప్పితే పళ్ళు రాలే చోట, వీపు వెనుక ఎగిరే యంత్రాన్ని ఎవరు చూస్తున్నట్లు? ఆ యంత్రమే తనను తాను చూసుకుంటుందని అమ్మేవారు అంటారు. చట్టం అలా అనడం లేదు. ఎదురుగా వచ్చే బాటసారి కూడా అలా అనుకోడు.

ఇక్కడే తోడు అవసరం వస్తుంది. ఇద్దరుగాని ముగ్గురుగాని కలిసి వెళ్ళండి. స్వారీ మొత్తంలో అందమైన చోట్లు మూడింటిని ముందే ఎంచుకోండి. ఒకరు అక్కడ ఆగి, స్థిరంగా నిలబడి, డ్రోనును ఎగరేయాలి. మిగిలినవారు ఆ మలుపు గుండా వెళ్ళాలి. ఐదేసి నిమిషాలలో పని ముగించుకుని యంత్రాన్ని సంచిలో పెట్టేయాలి. తరువాతి చోట మరొకరు ఎగరేయవచ్చు. మిగతా బాటంతా మీదీ, కొండదీ. చూసేవారికి సైతం ఇదే హాయి. నలభై నిమిషాలపాటు ఒక మనిషి వీపును చూపించే చిత్రం తీసినవానికి తప్ప ఇతరులకు రుచించదు.

ఒంటరిగా తిరిగేవారి గతి ఏమిటని అడగవచ్చు. వారికి శిరస్త్రాణానికో, ఛాతీకో తగిలించుకునే చిన్న కెమెరా ఉన్నది. బాట కుదుపును, ఊపిరి చప్పుడును అది చెప్పినంత బాగా ఆకాశంలోని కన్ను చెప్పలేదు.

ఇప్పుడు యంత్రం సంగతి. ఇలా నిలబడి ఎగరేయదలచినవారికి దీర్ఘకాలం ఎగరగల శక్తి, అతివేగం అక్కరలేదు. డిజెఐ సంస్థ మినీ 4 ప్రో బరువు 249 గ్రాములు, చెప్పుకునే ఎగిరే సమయం 34 నిమిషాలు. అదే సంస్థ ఎయిర్ 3ఎస్ బరువు 724 గ్రాములు, సమయం 45 నిమిషాలు. అరచేతి నుండి ఎగిరే నియో 135 గ్రాములే గాని 18 నిమిషాలే నిలుస్తుంది. ఇవన్నీ గాలి లేని అనుకూల పరిస్థితులలో తేల్చిన అంకెలు. 3,000 మీటర్ల ఎత్తున గాలి సముద్రమట్టం కంటె దాదాపు నాలుగోవంతు పలుచనగా ఉంటుంది. రెక్కలు మరింత వడిగా తిరగాలి, బ్యాటరీ త్వరగా తరుగుతుంది. చలి దానికి తోడవుతుంది. కాబట్టి ఒక పెద్ద డ్రోను బదులు చిన్న డ్రోను, రెండు అదనపు బ్యాటరీలు అన్న లెక్క కొండకు బాగా కుదురుతుంది. చలిలో ఆ బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో వెచ్చగా దాచుకోవాలి.

పెద్దది గాలికి తట్టుకుంటుందనే వాదన నిజమే. కాని తయారీదారు లెక్క ప్రకారమే మినీ 4 ప్రో సెకనుకు 10.7 మీటర్ల గాలిని, ఎయిర్ 3ఎస్ 12 మీటర్ల గాలిని తట్టుకుంటాయి. ఆ కొద్దిపాటి తేడా కోసం దాదాపు మూడింతల బరువు మోయాలా? అంత గాలి వీచే శిఖరం మీద అసలు ఎగరేయకపోవడమే వివేకం. పెద్దదానికి ఒక సుగుణం మాత్రం ఒప్పుకోవాలి. ఎయిర్ 3ఎస్‌కు దూరాన్ని దగ్గరగా చూపే రెండవ కెమెరా ఉన్నది. గుర్రాలను చిత్రించేవారికి అది కావలసిన వస్తువే. గుర్రం బెదురు జంతువు. తలపై ఝుంకారం వినబడితే అది ఏ వైపు దూకుతుందో రౌతుకు కూడా తెలియదు. దూరాన నిలిచి తీయగలగడం అక్కడ ప్రాణరక్షణ.

250 గ్రాముల లోపు ఉంటే వినోదానికి ఎగరేసేవారికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష మాత్రం బరువుతో నిమిత్తం లేకుండా అందరూ ఉత్తీర్ణులు కావలసిందే. ఆ చిత్రాల మీద డబ్బు సంపాదించదలచి ఎగరేస్తే అది వినోదం క్రిందికి రాదు. అప్పుడు చిన్నదానికి కూడా రిజిస్ట్రేషన్, ఎగరేసేవానికి పార్ట్ 107 ధ్రువపత్రం కావాలి.

చిన్నది కదా అని నిరపాయకరం అనుకోరాదు. 2025 జనవరి 9న లాస్ ఏంజెలస్ దగ్గర పాలిసేడ్స్ కార్చిచ్చును ఆర్పుతున్న విమానం రెక్కకు ఇటువంటి చిన్న డ్రోనే తగిలి రంధ్రం చేసింది. ఊళ్ళు తగలబడుతుంటే నీళ్ళు మోసే విమానం నేల మీద నిలబడిపోయింది. వేసవిలో కొండకు పోయేవారు ఆనాటి గగనతల నిషేధాలను చూసుకోకుండా ఎగరేయడం క్షమించరానిది.

తుమ్మెద విసిగించే గుణాన్ని గుర్తుంచుకోమన్నాను. 2014 ఏప్రిల్‌లో యూటాలోని జయన్ జాతీయోద్యానంలో ఒక డ్రోను కొండగొర్రెల మందను చెదరగొట్టగా పిల్లలు తల్లుల నుండి విడిపోయాయి. 2015లో ప్రచురితమైన మిన్నెసోటా పరిశోధన నన్ను ఇంకా కలతపెట్టింది. నల్ల ఎలుగుబంట్లకు గుండె వేగాన్ని కొలిచే సాధనాలు అమర్చి వాటి మీదుగా డ్రోను ఎగరేశారు. చాలావరకు అవి పారిపోలేదు, చూసేవారికి నిశ్చింతగా ఉన్నట్లే కనబడ్డాయి. లోపల గుండె మాత్రం దడదడ కొట్టుకుంది. ఒక ఎలుగులో ఆ వేగం మామూలు కంటె నిమిషానికి 123 సార్లు అధికమైంది. ‘ఆ జంతువు కదలనైనా లేదు, దానికేం ఇబ్బంది లేదు’ అనేవారికి ఇది సమాధానం. తరగతిలో బెత్తం చూసి బిగుసుకుపోయిన పిల్లవాడిని శాంతమూర్తి అనుకునే ఉపాధ్యాయుని వంటివారే వారు.

కొనేముందు మరి రెండు మాటలు. 2025 డిసెంబరు 22న అమెరికా సమాచార నియంత్రణ సంస్థ విదేశాలలో తయారయ్యే డ్రోన్ల కొత్త నమూనాలకు అనుమతి దొరకని జాబితాను ప్రకటించింది. అంతకుముందే అనుమతి పొందిన నమూనాలను వాడుకోవడానికి అది అడ్డుపడలేదు. అయినా విడిభాగాలు, మరమ్మతులు దొరికే తోవ చూసుకుని కొనడం మంచిది. ఇక మన దేశానికి కానుకగా తెచ్చేవారికి: 2022 ఫిబ్రవరి 9న భారత ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని, రక్షణ, పరిశోధన వంటి కొద్ది అవసరాలకు తప్ప, నిషేధించింది. మనవడికని పెట్టెలో పెట్టుకొచ్చిన డ్రోను విమానాశ్రయంలోనే నిలిచిపోగలదు.

మా మేనల్లుడు చిన్నదే కొన్నాడు. ఇద్దరు మిత్రులు వెంట ఉన్ననాడే ఎగరేస్తానని మాట కూడా ఇచ్చాడు. వెంటబడే డ్రోనునే సమర్థించేవారు, గుర్రాల దగ్గర ఎగరేసిన అనుభవం ఉన్నవారు తమ మాట కూడా చెబితే సంతోషిస్తాను. వాదం ఎంత ఘాటుగా ఉన్నా అభ్యంతరం లేదు.